బాగున్న కార్డు వెనక్కి వచ్చింది: వీఎంలో నడిచే డ్రైవర్ సందేశాలు తిరగరాసిన వైనం

కొరియర్ అట్టపెట్టె విప్పి, మా డేటా సేకరణ కార్డును మా బల్ల మీది పరీక్ష యంత్రంలో పెట్టి స్విచ్ వేస్తే మొదటిసారికే పనిచేసింది. రాత్రంతా నడిపినా ఒక్క తప్పు దొర్లలేదు. కస్టమర్ జతచేసిన కాగితంలో మాత్రం "హార్డ్‌వేర్ పాడైంది, మార్చి ఇవ్వగలరు" అని ఉంది. అది వాళ్ల ఊహ కాదు. కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మా డ్రైవరే తన లాగ్‌లో, అంటే జరిగినవి రాసుకునే చిట్టాలో, ఆ మాట రాసింది: "కార్డు స్వీయపరీక్షలో విఫలమైంది. హార్డ్‌వేర్ లోపం." నాలుగేళ్ల కిందట ఏదో హడావుడిలో ఆ వాక్యం టైప్ చేసింది నేనే.

అలా వచ్చినవాటిలో అది మొదటిది కూడా కాదు. అంతకు ముందు రెండు వస్తే, రెండింటికీ కొత్తవి పంపేశాం. కొన్ని వారాలకు ఆ కొత్తవాటి మీదా అదే ఫిర్యాదు వచ్చింది. అప్పటికైనా అనుమానం రావాల్సింది, రాలేదు. మూడోదాన్ని పెట్టెలోంచి తీసిన రోజు సపోర్టు చూసే సహోద్యోగిని ఒక ప్రశ్న అడిగారు: "కార్డు పాడైందని మన డ్రైవర్‌కు ఎలా తెలుస్తుందండీ?"

తెలియదు. ఈ వ్యాసమంతా ఆ జవాబు చుట్టూ తిరుగుతుంది.

మాది హైదరాబాద్‌లో ఒక చిన్న బృందం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టే డేటా సేకరణ కార్డుకు లినక్స్ డ్రైవర్ రాస్తాం. సెన్సర్ల నుంచి వచ్చే సంకేతాలను ఆ కార్డు అంకెలుగా మారుస్తుంది. కార్డు మీది ఎఫ్‌పీజీఏ (లోపలి తర్కాన్ని మనమే రాసి నింపుకునే) చిప్పు ఆ అంకెలను ప్రాసెసర్‌తో పని లేకుండా నేరుగా కంప్యూటర్ మెమరీలో రాసేస్తుంది. దాన్నే డీఎంఏ అంటారు. ఒకప్పుడు కస్టమర్లు ఒక్కో కార్డుకు ఒక్కో కంప్యూటర్ పెట్టుకునేవారు. తర్వాత ఒకే పెద్ద సర్వర్ కొని, దాన్ని వీఎంలుగా, అంటే విడివిడి కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషీన్లుగా పంచి, ఒక్కో వీఎంకు ఒక్కో కార్డు అప్పగించడం మొదలుపెట్టారు. మా డ్రైవర్ మాత్రం తాను ఇంకా పాత ఇంట్లోనే ఉన్నాననుకుంటూ మాట్లాడేది.

లాగ్ సందేశాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ వాటి భావాన్ని తెలుగులో ఇస్తున్నాను.

పై వాటాలో అద్దెకున్నవారు

వర్చువల్ మెషీన్‌కు మామూలుగా కనిపించే డిస్కు, నెట్‌వర్క్ కార్డు అన్నీ వీఎంలను సృష్టించే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ కట్టించిన వేషాలు. పాస్‌త్రూలో వేషం ఉండదు. నిజమైన కార్డునే హోస్ట్ (వీఎంలను మోసే అసలు యంత్రం) చేతిలోంచి తీసి వీఎంకు అప్పగిస్తారు. లినక్స్‌లో ఈ పని చేసే వ్యవస్థ వీఎఫ్ఐఓ. 2012లో 3.6 కెర్నెల్‌తో వచ్చింది (కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌ను చూసుకునే లినక్స్ మూలభాగం). హోస్ట్‌లో కార్డుకు దాని అసలు డ్రైవర్ బదులు వీఎఫ్ఐఓ-పీసీఐ అనే కాపలా డ్రైవర్‌ను తగిలిస్తారు. వీఎంను నడిపే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాం దాని ద్వారా కార్డు రిజిస్టర్లను (విలువలు ఉంచే చిన్న గడులను) వీఎంలోకి చూపిస్తుంది. కార్డుకు వీఎం ఇచ్చే మెమరీ చిరునామాలు వీఎం లోపల మాత్రమే చెల్లుతాయి. వాటిని అసలు చిరునామాలుగా మార్చేది ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్. ఇంటెల్ దాన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ దాన్నే ఏఎండీ-వీఐ అంటుంది.

ఇందులో మా డ్రైవర్ ఎక్కడుందో చూడండి. వీఎం లోపల ఉంది. పై వాటాలో అద్దెకున్నవారి పరిస్థితి ఇది. కుళాయి తిప్పితే నీళ్లు రావు. మోటారు స్విచ్ కింద ఇంటి యజమాని వాటాలో ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయిందో, మోటారు కాలిందో, ఎవరైనా వాల్వు కట్టేశారో పైనుంచి కనిపించదు. అద్దెదారు నిజాయతీగా చెప్పగలిగేది ఇంతే: "ఆరున్నరకు కుళాయి తిప్పాను, చుక్క రాలేదు." మా డ్రైవర్ మాత్రం "మోటారు కాలిపోయింది" అని ప్రకటించేది.

అన్నీ ఒకట్లే

మా స్వీయపరీక్ష చాలా చిన్నది. కార్డులో ఒక గుర్తింపు రిజిస్టర్ ఉంది, అందులో ఎప్పుడూ ఒకే స్థిర సంఖ్య ఉంటుంది. డ్రైవర్ లేవగానే దాన్ని చదువుతుంది. అనుకున్న సంఖ్య రాకపోతే "హార్డ్‌వేర్ లోపం" అని రాసి తప్పుకుంటుంది. చదివిన విలువ ఏమిటో లాగ్‌లో రాసేది కాదు. నాలుగేళ్లలో మేము పోగొట్టుకున్న సమాచారమంతా ఆ ఒక్క లోపంలోనే ఉంది.

మూడో కార్డు వచ్చాక, ఆ కస్టమర్ యంత్రంలోనే ఉన్న ఇంకో కార్డు మీద విలువను అచ్చువేసే డ్రైవర్‌ను పెట్టించాం. రెండు రోజులకు జవాబు వచ్చింది. ముప్పై రెండు బిట్లూ ఒకట్లే, హెక్సాడెసిమల్ పద్ధతిలో రాస్తే వరుసగా ఎనిమిది ఎఫ్‌లు.

పీసీఐ తెలిసినవారికి ఇది చూడగానే అర్థమవుతుంది. ఆ బస్సు (ప్రాసెసర్‌ను పరికరాలతో కలిపే సంకేతాల మార్గం) మీద ఎవరూ పలకని చోట చదివితే వచ్చేది అదే. తప్పుడు విలువ కాదు, నిశ్శబ్దం. పాడైన కార్డు అయితే సాధారణంగా ఏదో ఒక చెత్త సంఖ్య ఇస్తుంది, లేదా ఒకటి రెండు బిట్లు తేడాగా వస్తాయి. అన్నీ ఒకట్లే వచ్చాయంటే కార్డు ఆ క్షణాన బస్సు మీద లేదు. నిద్రలో ఉండవచ్చు, రీసెట్ మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు, లింకు తెగి ఉండవచ్చు.

ఈ నిశ్శబ్దాన్ని విలువగా పొరబడటం మా ఒక్కరి జబ్బే కాదు. వీఎంలను నడిపే లిబ్‌వర్ట్‌లో "తెలియని పీసీఐ హెడర్ రకం '127'" అనే సందేశం చాలామందికి ఎదురై ఉంటుంది. పీసీఐలో ఉన్న హెడర్ రకాలు 0, 1, 2 మాత్రమే. 127 ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఎనిమిది బిట్ల రిజిస్టర్‌లో పై బిట్టు వేరే పనికి కేటాయించారు. మిగిలిన ఏడు బిట్లూ ఒకట్లు అయితే 127. సందేశం చదివినవారు ఆ విచిత్రమైన రకం ఏమిటా అని వెతుకుతారు. రకమేమీ లేదు, కార్డు పలకడం లేదంతే. లినక్స్ కెర్నెల్ ఈ విషయంలో తన మాటను దిద్దుకుంది. "పవర్ స్థితి మార్చడానికి నిరాకరించింది, ఇప్పుడు డీ3లో ఉంది" అని ఉండే పాత సందేశం, తర్వాత "డీ3కోల్డ్ నుంచి డీ0కు మార్చలేకపోయాను, కాన్ఫిగరేషన్ స్థలం అందడం లేదు" అని మారింది (డీ0 అంటే మేలుకున్న స్థితి, డీ3 అంటే నిద్ర, డీ3కోల్డ్ అంటే కరెంటు కూడా తీసేసిన నిద్ర; కాన్ఫిగరేషన్ స్థలం అంటే పరికరం గుర్తింపు, అమరికలు ఉండే రిజిస్టర్లు). మొదటిదాంట్లో కార్డు మొండికేసినట్టు ఉంది. రెండోదాంట్లో చూసినవారు ఏమి చూశారో ఉంది.

ఇక్కడ పాస్‌త్రూ ఒక మెలిక వేస్తుంది. కస్టమర్ వీఎంలో పీసీఐ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం కొడితే మా కార్డు ఇంచక్కా కనిపించింది. తయారీదారు సంఖ్య, పరికరం సంఖ్య అన్నీ సరిగ్గా ఉన్నాయి. "కార్డు కనిపిస్తోంది కానీ పనిచేయడం లేదు, కాబట్టి కార్డే పాడైంది" అని వాళ్లు తేల్చుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ రెండు సంఖ్యలను వీఎంకు ఇచ్చేది కార్డు కాదు. వీఎఫ్ఐఓ వాటిని ముందే ఒక ప్రతిగా దాచుకుని, ఎవరు అడిగినా ఆ ప్రతిలోంచే చూపిస్తుంది. ఎస్ఆర్-ఐఓవీ (ఒకే కార్డు పలు కార్డులుగా కనిపించే పద్ధతి) ద్వారా పుట్టిన ఉపపరికరాల్లో ఆ రిజిస్టర్లు ఖాళీగా ఉంటాయి కనుక ఈ ఏర్పాటు చేశారు. దాని ఫలితంగా కార్డు పలుకుతోందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా వీఎంలో పేరు మాత్రం వెలుగుతుంటుంది. పరికరం ఉందా అని కెర్నెల్‌ను అడిగే ఫంక్షను కూడా తయారీదారు సంఖ్యనే చదువుతుంది. దాన్ని నమ్ముకుని డ్రైవర్ రాస్తే గడప మీద నేమ్ ప్లేటు చూసి ఇంట్లో మనుషులున్నారని అనుకున్నట్టే. కార్డు సొంత రిజిస్టర్ చదివితే తప్ప నిజం తెలియదు. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ వారం వృథా పోయిందని మాత్రం అనను.

-22

మా డ్రైవర్ రెండో పాపం ఎర్రర్ సంఖ్య. స్వీయపరీక్ష విఫలమైతే "చెల్లని ఆర్గ్యుమెంటు" (ఫంక్షనుకు ఇచ్చిన విలువ చెల్లదు) అనే అర్థమిచ్చే -22 తిప్పి పంపేది. ఎవరి ఆర్గ్యుమెంటు చెల్లలేదు? ఎవరిదీ కాదు. ఏదో ఒక సంఖ్య కావాలి కాబట్టి వేసిందే.

పాస్‌త్రూ ప్రపంచంలో -22 అంటే ఊరి పేరు అడిగితే "మన ఊరే" అన్నట్టు. అదే కస్టమర్ దగ్గర మూడు వేర్వేరు చోట్ల అది కనిపించింది. హోస్ట్‌లో ఒక పీసీఐ బ్రిడ్జిని (ఒక బస్సును ఇంకో బస్సుతో కలిపే భాగాన్ని) వీఎఫ్ఐఓ-పీసీఐకి తగిలించబోతే -22, ఎందుకంటే ఆ డ్రైవర్ బ్రిడ్జిలను తీసుకోదు. వీఎంలో మా కార్డుతో పాటు ఒక పెద్ద గ్రాఫిక్స్ కార్డునూ ఇచ్చినప్పుడు మళ్లీ -22. ఈసారి కారణం చిరునామాల కరువు. వీఎం లేవగానే మొదట నడిచే ఫర్మ్‌వేర్ ఓవీఎంఎఫ్ పెద్ద పరికరాల కోసం కేటాయించే 64 బిట్ల చిరునామాల కిటికీ పరిమాణం డిఫాల్టుగా 32 జీబీ ఉండేది. గ్రాఫిక్స్ కార్డు దాన్ని మింగేసింది, మా కార్డు రిజిస్టర్లకు చోటు దొరకలేదు. చోటు దొరకని పరికరాన్ని కెర్నెల్ ప్రారంభించనివ్వదు. మూడోది మా స్వీయపరీక్ష. మూడు జబ్బులకూ ఒకటే పేరు పెడితే ఫోన్‌లో "-22 వస్తోంది" అని వినగానే సపోర్టులో ఉన్నవారు ఏమి చేయగలరు?

సంఖ్యకు బదులు పేరు అచ్చువేసే సదుపాయం 5.5 కెర్నెల్ నుంచి ఉంది. డ్రైవర్ లేచేటప్పుడు వచ్చే ఎర్రర్లను ఒక పద్ధతిలో రాయడానికి 5.9లో 'డెవ్ ఎర్ర్ ప్రోబ్' అనే ఫంక్షను చేరింది. రెండూ 2020లో వచ్చినవే. రెండూ వాడాం. అయితే -22 బదులు దాని పేరు 'ఈఇన్‌వాల్' అని చదివితే కస్టమర్‌కు కొత్తగా తెలిసేది సున్నా. అసలు పని సంఖ్యను మార్చడం. కార్డు పలకకపోతే ఇన్‌పుట్-అవుట్‌పుట్ లోపం అనే -5 పంపిస్తాం. "అలాంటి పరికరం లేదు" అనే -19 మొదట బాగుందనిపించింది. కానీ డ్రైవర్ ఆ సంఖ్య పంపితే కెర్నెల్ దాన్ని "ఈ పరికరం నాది కాదు" అనే మర్యాదపూర్వకమైన తిరస్కారంగా తీసుకుని, మామూలు లాగ్‌లో ఏమీ రాయదు. ఎర్రర్‌ను స్పష్టం చేయబోయి మాయం చేసేవాళ్లం.

సలహాలిచ్చి చెడిన వెర్షను

ఈ కథలో నేను దాచిపెట్టాలనుకున్న భాగం ఇది. విలువ దొరికాక ఉత్సాహం ఎక్కువైంది. సందేశంలోనే వైద్యం కూడా రాసేస్తే కస్టమర్‌కు మేలు కదా అనిపించింది. కొత్త వెర్షనులో ఇలా రాశాను: "కార్డు స్పందించడం లేదు. హోస్ట్ బయోస్‌లో ఐఓఎంఎంయూ ఆన్ చేసి ఉందో లేదో చూడండి. ఏసీఎస్ అమరికలు సరిచూడండి. స్లాట్ మార్చి చూడండి."

మొదటి సలహాకు అర్థమే లేదు. ఐఓఎంఎంయూ ఆన్ కాకపోతే వీఎఫ్ఐఓ మామూలుగా కార్డును వీఎంకు ఇవ్వదు. డ్రైవర్ వీఎంలో లేచి ఆ సందేశం రాయగలిగిందంటేనే ఆ మెట్టు దాటేసినట్టు. రెండో సలహా ప్రమాదకరమైంది. ఏసీఎస్ అంటే పరికరాలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోకుండా ఆపే ఏర్పాటు. అది ఉంటేనే ఐఓఎంఎంయూ గ్రూపులు (విడదీసి వేర్వేరు వీఎంలకు ఇవ్వలేని పరికరాల గుంపులు) చిన్నవిగా విడిపోతాయి. అది లేకపోయినా ఉన్నట్టు కెర్నెల్‌ను నమ్మించే ప్యాచ్ ఒకటి ప్రచారంలో ఉంది. ప్రధాన కెర్నెల్ దాన్ని ఎప్పుడూ తీసుకోలేదు. మా సందేశం చదివి ఒక కస్టమర్ ఆ ప్యాచ్ ఉన్న కెర్నెల్‌ను సర్వర్‌లో పెట్టేశారు. వేరుచేసే గోడ లేకుండానే ఉన్నట్టు చూపించే యంత్రంలో వాళ్ల ఉత్పత్తి వ్యవస్థ పనిచేసింది. అలా పనిచేయడం ఇంకా భయం కలిగించింది.

ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమన్న సామెత వాళ్లకు కాదు, నాకు వర్తిస్తుంది. చూడని గదిలో ఏమి జరిగిందో ఊహించి, ఆ ఊహకు మందు రాసిచ్చింది నేను.

ఆ వెర్షనును మూడు వారాల్లో వెనక్కి తీసుకున్నాం.

ఏమి రాయాలో తేలిన తీరు

మూడోసారి రాయడానికి ముందు ఒక పని చేశాం. పరీక్ష సర్వర్‌లో కావాలని ఒక్కొక్కదాన్నీ చెడగొట్టి, వీఎం లోపలి డ్రైవర్‌కు ఏమేమి కనిపిస్తుందో కాగితం మీద రాసుకున్నాం. వీఎంను మధ్యలో బలవంతంగా ఆపడం, కార్డును నిద్రపుచ్చడం, చిరునామాల కిటికీని కుదించడం, డీఎంఏకు తప్పుడు చిరునామా ఇవ్వడం. కాగితం నిండాక ఒకటి తేటపడింది. కారణాలు పదికి పైగా ఉన్నాయి, డ్రైవర్‌కు కనిపించే దృశ్యాలు మాత్రం నాలుగే. అన్నీ ఒకట్లు, వేరే సంఖ్య, చోటు కేటాయించలేదు, పని మొదలైంది కానీ ముగియలేదు. డ్రైవర్ నిజాయతీగా మాట్లాడాలంటే దానికి నాలుగు మాటలే ఉండాలి. పది కారణాలను వేరు చేయగలిగేది హోస్ట్ వైపు నుంచి మాత్రమే.

ఇప్పుడు మొదటి దృశ్యానికి వచ్చే సందేశం ఇలా ఉంటుంది: "గుర్తింపు రిజిస్టర్ చదివితే అన్ని బిట్లూ ఒకట్లే వచ్చాయి. కార్డు బస్సు మీద పలకడం లేదు. ఇది కార్డు చెడిపోయిందనడానికి రుజువు కాదు. వీఎంలో నడుస్తున్నట్టు గుర్తించాను. కారణం హోస్ట్ లాగ్‌లో, ఈ వీఎం మొదలైన సమయం దగ్గర వెతకండి." రెండో దృశ్యానికి వచ్చిన విలువ, రావాల్సిన విలువ పక్కపక్కనే అచ్చవుతాయి. హార్డ్‌వేర్‌ను అనుమానించే హక్కు డ్రైవర్‌కు అక్కడ ఒక్కచోటే ఉంది. అక్కడ కూడా ఆ మాట వాడలేదు.

"రుజువు కాదు" అనే వాక్యం మీద మాలో పెద్ద వాదనే జరిగింది. లాగ్‌లో ఇలా సంజాయిషీలు రాస్తారా అని ఒకరు. నిజమే, కెర్నెల్ సందేశాల్లో అలాంటి వాక్యాలు అరుదు. కానీ ఆ లాగ్ చదివేది కెర్నెల్ రాసేవారు కాదు. సర్వర్ గదిలో రాత్రి పదకొండింటికి, పై అధికారి ఫోన్ చేస్తుండగా చదివే మనిషి. ఆ వాక్యం ఉంచాం.

వీఎంలో ఉన్నామని గుర్తించడం గురించి ఒక పక్కమాట. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్‌లో హైపర్‌వైజర్ ఉందని చెప్పే బిట్టు ఒకటి ఉంటుంది, దాన్ని చూస్తే చాలు. కానీ దాన్ని దాచేవారూ ఉన్నారు. గ్రాఫిక్స్ కార్డులతో తంటాలు పడినవారికి ఈ దాగుడుమూతలు బాగా గుర్తుంటాయి. వీఎంలో జీఫోర్స్ కార్డు పెడితే విండోస్‌లో "ఈ పరికరం సమస్యలు తెలిపినందున దాన్ని ఆపేశాను, కోడ్ 43" అని వచ్చేది, హైపర్‌వైజర్ గుర్తులు దాచితే పోయేది. 2021లో 465 శ్రేణి డ్రైవర్లతో ఎన్‌విడియా ఆ వాడకానికి అధికారికంగా దారి ఇచ్చింది. అప్పటి చిట్కాలు మాత్రం ఎందరి కాన్ఫిగరేషన్ ఫైళ్లలోనో ఇంకా అలాగే ఉన్నాయి. అందుకే మా సందేశం "గుర్తించాను" అంటుంది. గుర్తించకపోతే వీఎం కాదని ఎక్కడా అనదు.

యజమాని వాటాలోకి

నాలుగు మాటల డ్రైవర్ "హోస్ట్‌లో చూడండి" అంటే సరిపోదు. హోస్ట్‌లో ఎక్కడ చూడాలి? అందుకని హోస్ట్‌లో నడిపే చిన్న తనిఖీ స్క్రిప్టు ఒకటి రాశాం. దాని పుట్టుక వెనక ఇంకో సంఘటన ఉంది.

ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో కార్డును కొత్త సర్వర్‌లోకి మార్చారు. వీఎం లేవలేదు. క్యూఈఎంయూ చెప్పింది: "గ్రూప్ 1 పనికిరాదు. ఈ ఐఓఎంఎంయూ గ్రూపులోని పరికరాలన్నీ వాటి వీఎఫ్ఐఓ డ్రైవర్‌కు తగిలించి ఉండేలా చూడండి." ఆ వాక్యంలో అబద్ధం లేదు. ఒక గ్రూపులోని పరికరాలు ఒకదాని మెమరీని ఒకటి అందుకోగలవు కాబట్టి, అన్నీ ఒకే యజమాని చేతిలో ఉండాలి. లోపం ఏమిటంటే "అన్నీ" అంటే ఏవేవో ఆ వాక్యం చెప్పదు. అక్కడి పరిశోధక విద్యార్థి చెప్పింది చెప్పినట్టు చేశారు. గ్రూపులోని పరికరాలను వరుసగా వీఎఫ్ఐఓకు అప్పగించారు. బ్రిడ్జి దగ్గర -22 వచ్చింది, దాన్ని వదిలేసి తర్వాతి దానికి వెళ్లారు. ఆ తర్వాతిది సర్వర్ నెట్‌వర్క్ కార్డు. ఎంటర్ కొట్టిన మరుక్షణం ఆయన కూర్చున్న చోటి నుంచి సర్వర్ తెగిపోయింది. సర్వర్ వేరే భవనంలో ఉంది, తాళం ఇంకొకరి దగ్గర ఉంది. మాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. "సార్, అది చెప్పినట్టే చేశాను కదా!"

ఆ స్క్రిప్టు చేసేది పెద్దగా ఏమీ లేదు. కెర్నెల్ సిస్ ఫైల్‌వ్యవస్థలో ఐఓఎంఎంయూ గ్రూపుల జాబితా ఎలాగూ ఉంటుంది. మా కార్డున్న గ్రూపును చదివి, ఇరుగుపొరుగు ఎవరో పేరుపేరునా చెబుతుంది. "ఈ గ్రూపులో మీ సర్వర్ నెట్‌వర్క్ కార్డు ఉంది, ఇప్పుడు వాడకంలో ఉంది. దాన్ని అప్పగిస్తే ఈ యంత్రంతో మీ సంబంధం తెగవచ్చు. కార్డును వేరే స్లాట్‌లో పెట్టడం మేలు." బ్రిడ్జి కనిపిస్తే దాన్ని తాకనవసరం లేదని చెబుతుంది. ఇక్కడ సలహా ఇవ్వడానికి జంకలేదు, ఎందుకంటే స్క్రిప్టు నిలబడింది యజమాని వాటాలో. మోటారు దానికి కళ్లెదుటే కనిపిస్తుంది.

5.15 కెర్నెల్ నుంచి ప్రతి పరికరానికీ ఏయే రీసెట్ పద్ధతులు అందుబాటులో ఉన్నాయో చెప్పే ఫైలు కూడా ఉంది. దాన్నీ చదివి చూపిస్తాం. ఆ చిన్న విషయమే తర్వాత మా కథను మలుపు తిప్పింది.

మెమరీ గురించి క్లుప్తంగా. పాస్‌త్రూ ఉన్న వీఎంకు దాని మెమరీ మొత్తాన్నీ హోస్ట్‌లో కదలకుండా బిగించాల్సి ఉంటుంది, కార్డు ఎప్పుడు ఎక్కడ రాస్తుందో తెలియదు కాబట్టి. బిగించుకునే పరిమితి చిన్నదిగా ఉంటే క్యూఈఎంయూ "మెమరీ కేటాయించలేకపోయాను" అంటుంది. సర్వర్‌లో వంద జీబీ ఖాళీగా ఉన్నా అదే మాట. కెర్నెల్ లాగ్‌లో మాత్రం పరిమితి పేరు, దాని విలువతో సహా నిజం రాసి ఉంటుంది. లిబ్‌వర్ట్ వాడేవారికి ఈ బెడద తక్కువ, ఆ పరిమితిని అదే పెంచుతుంది. చేత్తో క్యూఈఎంయూ నడిపేవారి కోసం స్క్రిప్టులో ఒక వరుస చేర్చాం.

నాలుగో దృశ్యం, పని మొదలై ముగియకపోవడం, అన్నింటికంటే మొండిది. కార్డు రాయబోయిన చిరునామాను ఐఓఎంఎంయూ ఆపేస్తే ఆ సంగతి హోస్ట్ లాగ్‌కే తెలుస్తుంది. ఇంటెల్ యంత్రంలో డీఎంఏఆర్ అనే మాటతో, ఏఎండీ యంత్రంలో ఐఓ పేజ్ ఫాల్ట్ అనే మాటతో. వీఎంలోని డ్రైవర్‌కు గడువు దాటిందనే ఒక్క ముక్క మిగులుతుంది. పాత డ్రైవర్ గడువు దాటిన ప్రతిసారీ ఒక వరుస రాసి లాగ్‌ను ముంచేసేది. విలువైన మొదటి వరుస ఆ వరదలో కొట్టుకుపోయేది. ఇప్పుడు మొదటిసారి బఫర్ చిరునామా, పొడవు, చివరగా ముగిసిన పని సంఖ్య, గడియారం సమయంతో పూర్తిగా రాస్తాం. తర్వాతివి లెక్కపెట్టి, నిమిషానికి ఒకసారి ఎన్ని జరిగాయో చెబుతాం. సమయం ఉండటం చాలా ముఖ్యం. హోస్ట్ లాగ్‌ను వీఎం లాగ్ పక్కన పెట్టి పోల్చడానికి ఉన్న ఒకే తాడు అది. రెండు గడియారాలూ కలిసి ఉండాలన్నది వేరే తలనొప్పి.

పెట్టెలో ప్రయాణం

ఇక మొదట్లో చెప్పిన కార్డు సంగతి. కొత్త సందేశం వెళ్లిన కొద్ది రోజులకు అదే కస్టమర్ సర్వర్ నిర్వాహకుడు హోస్ట్ లాగ్‌లో ఆ సమయం దగ్గర వెతికి రెండు వరుసలు పంపారు. "బస్ రీసెట్ తర్వాత 1023 మిల్లీసెకన్లయినా సిద్ధంగా లేదు, వేచి ఉన్నాను." కింద ఇంకోటి, "65535 మిల్లీసెకన్లయినా సిద్ధంగా లేదు, వదిలేస్తున్నాను." కెర్నెల్ నిమిషానికి పైగా కార్డు గుమ్మం ముందు నిలబడి వెళ్లిపోయింది.

ఎప్పుడు జరుగుతోందని అడిగితే వీఎంను బలవంతంగా ఆపి మళ్లీ లేపినప్పుడు అన్నారు. మామూలుగా షట్‌డౌన్ చేస్తే రాదు. అక్కడ దొరికింది. మా కార్డుకు ఫంక్షన్ స్థాయి రీసెట్ (బస్సును కదపకుండా ఆ పరికరాన్ని మాత్రమే మొదటి స్థితికి తెచ్చే పద్ధతి) లేదు. రీసెట్ పద్ధతుల ఫైల్లో 'బస్' ఒక్కటే కనిపించింది. మామూలుగా షట్‌డౌన్ చేస్తే మా డ్రైవర్ ముందు డీఎంఏను ఆపుతుంది, తర్వాత రీసెట్ వస్తుంది. బలవంతంగా ఆపితే డ్రైవర్‌కు ఆ అవకాశం ఉండదు. ఎఫ్‌పీజీఏ రాత మధ్యలో ఉండగా నెత్తిన రీసెట్ పడుతుంది. కార్డులోనే నడిచే మా ఫర్మ్‌వేర్‌లోని ఒక స్థితి యంత్రం (పనిని మెట్టు మెట్టుగా నడిపే తర్కం) అక్కడే బిగుసుకుపోయేది, కరెంటు తీసేదాకా కదిలేది కాదు. వీఎం రీబూట్ చేసినా, హోస్ట్ రీబూట్ చేసినా స్లాట్‌కు కరెంటు అలాగే అందుతూ ఉండేది.

కొరియర్ పెట్టెలో మాత్రం కరెంటు ఉండదు. ఆ ప్రయాణమే కార్డుకు చికిత్స అయింది. మా బల్ల మీదికి చేరేసరికి అది ఆరోగ్యంగా ఉండేది.

అంటే తప్పు చివరికి మాదే. "హార్డ్‌వేర్ లోపం" అన్న పాత మాట కూడా ఒక రకంగా నిజమేనని బృందంలో ఒకరు ఎత్తిపొడిచారు. అయినా ఆ మాట వల్ల జరిగింది కార్డులు మార్చుకోవడమే. కొత్త కార్డులోనూ అదే ఫర్మ్‌వేర్ ఉన్నప్పుడు ఎన్ని మార్చినా ఒకటే. ఫర్మ్‌వేర్‌ను దిద్ది, రీసెట్ వచ్చినప్పుడు రాతను సగంలోనే వదిలేసేలా చేశాం. ఫంక్షన్ స్థాయి రీసెట్ కూడా చేర్చాం. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నియమాల ప్రకారం అది 100 మిల్లీసెకన్లలో ముగియాలి. మొదటి ప్రయత్నంలో ముగియలేదు, దానికి ఇంకో నెల పట్టింది.

సందేశాలు మార్చినందువల్ల ఫిర్యాదులు ఎంత తగ్గాయని మా మేనేజరు అడిగారు. లెక్క కట్టలేదు. కట్టినా మా కస్టమర్ల సంఖ్యకు అది చెప్పుకోదగ్గ గణాంకం కాదు. మారింది ఫిర్యాదు రూపం. ఇదివరకు ఫోన్‌లో "మీ కార్డు పనిచేయడం లేదు" అనేవారు, మేము ఇరవై ప్రశ్నలు అడిగేవాళ్లం. మొన్న వచ్చిన ఈమెయిల్‌లో నాలుగే వరుసలు ఉన్నాయి. వీఎం లాగ్ నుంచి రెండు, హోస్ట్ లాగ్ నుంచి రెండు, పక్కపక్కనే సమయాలతో. కింద ఒక్క ప్రశ్న: కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కడ దొరుకుతుంది?